యుద్ధ కథనంలో అధిక్షేపం, అసంబద్ధత: ఇరవయ్యో శతాబ్ది నవల

యుద్ధాన్ని వీరగాథగా పాడకుండా, కేవలం విషాదంగా కన్నీరు పెట్టకుండా, ఎక్కడా పొంతన కుదరని వ్యవహారంగా చూపించి ఆ నవ్వుతోనే నిలదీసే కథా సాహిత్యం 20వ శతాబ్దిలో ఒక ప్రత్యేక శాఖగా ఎదిగింది. చెక్ రచయిత యారొస్లావ్ హాషెక్ 1921-23 మధ్య వెలువరించిన 'మంచి సిపాయి ష్వెయిక్' దీనికి మొదటి గొప్ప మైలురాయి. 2000లో ఐవరీ కోస్ట్ రచయిత అహ్మదూ కురూమా ఫ్రెంచిలో రాసిన బాలసైనికుడి నవల దాకా ఈ దారి సాగింది. ఈ రచనలను పక్కపక్కన పెట్టుకొని చదివితే ఒక పోలిక కొట్టొచ్చినట్టు కనబడుతుంది. వీటిలో అసంబద్ధత తుపాకి దగ్గర కన్నా ముందు కాగితం దగ్గర పుడుతుంది. హాజరు పట్టీ, వైద్యుడి ధ్రువపత్రం, పైనుంచి దిగిన ఉత్తర్వు, చావు కబురు మోసుకొచ్చే అచ్చు ఉత్తరం - మనిషి బతికున్నాడా, పోయాడా, పిచ్చివాడా, శత్రువా అన్నది ఇవే తేలుస్తాయి. ఎదురుగా నిలబడి ఊపిరి తీస్తున్న మనిషి చెప్పే మాట చెల్లదు.

పూర్వరంగం

యుద్ధపు డాంబికాన్ని గేలి చేయడం పాత సంగతే. అంతఃపురంలో ఆడవాళ్ల ముందు కౌరవసేనను చీల్చి చెండాడతానని బయల్దేరి, ఆ సేన కంటబడగానే రథం దూకి పరుగందుకున్న విరాటరాజు కొడుకు పేరిట మనకు 'ఉత్తరకుమార ప్రగల్భాలు' అన్న నానుడే ఉంది. ఐర్లాండులో పుట్టిన జొనాథన్ స్విఫ్ట్ 1726లో కోడిగుడ్డును ఏ కొస నుంచి పగలగొట్టాలన్న తగువు మీద రెండు దేశాలకు యుద్ధం పెట్టించాడు. ఫ్రెంచి రచయిత వోల్టేర్ 1759 నాటి 'కాండీడ్'లో, వేల మంది కూలిన పోరు ముగిశాక రాజులిద్దరూ ఎవరి శిబిరంలో వారు దేవుడికి విజయస్తోత్రాలు పాడించుకుంటారు. ఈ పాత రచనల్లో ఎగతాళికి గురైనది ఒక పిరికి రాకుమారుడో, పొగరుబోతు రాజో. దోషి ఎవరో చూపుడు వేలు పెట్టి చెప్పవచ్చు.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యాక అలా చెప్పడం కష్టమైంది. నిర్బంధ సైనిక సేవ వల్ల బడిపంతుళ్లు, దర్జీలు, రైతుబిడ్డలు లక్షలుగా పటాలాల్లోకి వచ్చిపడ్డారు. వాళ్లను లెక్కపెట్టడానికి, తరలించడానికి, మేపడానికి, పాతిపెట్టడానికి కచేరీలు పుట్టాయి. 1916 జూలై 1న, సోమ్ నది దగ్గర పోరు మొదలైన ఒక్క రోజులో బ్రిటిష్ సైన్యం 57,470 మందిని నష్టపోయింది. అందులో చనిపోయినవారు 19,240. ఆ రోజు పథకం ముందే గడియారం ప్రకారం రాసిపెట్టి ఉంది. ఎదుటివైపు మరతుపాకులు పని చేస్తూనే ఉన్నాయని తెలిశాక కూడా వరస వెనుక వరస కందకాల్లోంచి లేచింది. దీన్ని ఉన్నదున్నట్టు చెప్పే దారిని ఫ్రాన్సులో ఆన్రీ బార్బ్యూస్, జర్మనీలో ఎరిక్ మరియా రెమార్క్ ఎంచుకున్నారు. హాషెక్ ఆ రాసిపెట్టిన కాగితం వైపు తిరిగాడు.

ష్వెయిక్ విధేయత

హాషెక్ 1883లో ప్రాగ్ నగరంలో పుట్టాడు. దేశదిమ్మరి, పత్రికా రచయిత, తాగుబోతు. కుక్కల వ్యాపారం కూడా చేశాడు. 1915లో ఆస్ట్రియా-హంగరీ సైన్యంలో 91వ పదాతి పటాలానికి చేరి, ఆ సెప్టెంబరులోనే రష్యన్లకు చిక్కాడు. అక్కడ మొదట చెక్ దళంలో, తర్వాత బోల్షివిక్కుల్లో చేరి, 1920 డిసెంబరులో ప్రాగ్ తిరిగి వచ్చాడు. ఆ వెంటనే మొదలైన ష్వెయిక్ నవల మూడు సంపుటాలు పూర్తయి నాలుగోది నడుస్తుండగా 1923 జనవరి 3న లిప్నిత్సె అనే పల్లెలో కన్నుమూశాడు. అప్పటికి అతనికి 39 ఏళ్లు. యోసెఫ్ లాదా గీసిన బొమ్మలు ఆ పాత్రకు ఎంత అతికిపోయాయంటే, గుండ్రటి మొహం, బుడిపె ముక్కు లేని ష్వెయిక్‌ను ఊహించుకోవడం ఇప్పుడు ఎవరి తరమూ కాదు.

జాతి తెలియని కుక్కలకు దొంగ వంశవృక్షాలు రాసి అమ్ముకు బతుకుతుంటాడు ష్వెయిక్. సైనిక వైద్య మండలి అతన్ని మందబుద్ధి అని ధ్రువీకరించి ఇంటికి పంపేసింది. యువరాజు ఫెర్డినాండును చంపారన్న కబురు పనిమనిషి చెబితే, ఏ ఫెర్డినాండు అని అడుగుతాడు. తనకు ఇద్దరు ఫెర్డినాండులు తెలుసు, ఎవరు పోయినా పెద్ద నష్టం లేదు. కల్లు దుకాణం లాంటి తన తాగుడు కొట్టుకు వెళితే అక్కడ మారువేషపు పోలీసు కూర్చుని ఉంటాడు. చక్రవర్తి పటం మీద ఈగలు రెట్ట వేస్తున్నాయని అటక మీద పెట్టానన్నందుకు కొట్టు యజమాని పాలివెత్స్ పదేళ్ల జైలుకు పోతాడు. కీళ్లనొప్పులతో కదలలేని ష్వెయిక్ చక్రాల కుర్చీలో కూర్చుని, చంకకర్రలు గాలిలో ఆడిస్తూ, బెల్‌గ్రేడ్‌కు పదండని కేకలు వేస్తూ సైన్యంలో చేరడానికి వెళతాడు. ఆ ఉత్సాహం చూసిన అధికారులకు ఒళ్లు మండుతుంది. నిజంగా జబ్బు పడినవాణ్ని దొంగ రోగి కింద కట్టి, కడుపు కడిగించి, ఎనిమాలు ఇచ్చి దారికి తెద్దామని చూస్తారు.

హాషెక్ పట్టుకున్న మర్మం ఇక్కడుంది. ఎదురు తిరిగేవాణ్ని ఏం చేయాలో సైన్యానికి తెలుసు: ఉరి తీయడమో కాల్చడమో. చెప్పిన ప్రతి మాటనూ అక్షరాలా పాటించేవాణ్ని ఏం చేయాలో తెలియదు. 'చిత్తం దొరా' అంటూనే ష్వెయిక్ ప్రతి ఉత్తర్వునూ దాని వెర్రితనం బయటపడేదాకా ఈడ్చుకుపోతాడు. అతను నిజంగా అమాయకుడా, నటిస్తున్నాడా అన్నది నవలలో ఎక్కడా తేలదు. తేలకపోవడమే అతని రక్షణ, పాఠకుడికి ఊరట కూడా. చెరువులో స్నానం చేస్తున్న రష్యన్ ఖైదీ పారిపోతే, ఒడ్డున మిగిలిన వాడి దుస్తులు సరదాగా తొడిగి చూసుకుంటాడు. సొంత సైన్యమే అతన్ని రష్యన్ ఖైదీగా పట్టుకుపోతుంది. తాను ఎవరో చెప్పుకొంటే వినేవాడు లేడు. దుస్తులు ఏ సైన్యానివైతే మనిషి ఆ సైన్యం వాడే. వందల పేజీలు నడిచినా, హాషెక్ చనిపోయేనాటికి ష్వెయిక్ ఇంకా యుద్ధరంగంలో ఒక్క తూటా పేల్చలేదు. పూర్తికాని నవలే అయినా ఆ ఆలస్యమే దాని అసలు కథ అని నా నమ్మకం.

జర్మన్ నాటక ప్రయోక్త పిస్కాటర్ 1928లో బెర్లిన్‌లో దీన్ని కదిలే పట్టాల మీద నటులను నడిపిస్తూ ప్రదర్శించాడు. ష్వెయిక్ నడుస్తూనే ఉంటాడు, ఉన్నచోటే ఉంటాడు. బ్రెహ్ట్ 1943లో అతన్ని హిట్లర్ యుద్ధంలోకి దించి కొత్త నాటకం రాశాడు.

లేని అధికారి, ఉన్న శవం

1928లోనే రష్యాలో యూరీ తిన్యానోవ్ 'లెఫ్టినెంట్ కీజె' అనే పొడవాటి కథ ప్రచురించాడు. ఇందులో యుద్ధం లేదు. పాల్ చక్రవర్తి నాటి సైనిక దఫ్తరం ఉంది. అయినా ఈ శాఖ మొత్తానికి తాళంచెవి లాంటి కథ ఇదే. గుమాస్తా తొందరలో రాసిన తప్పు వల్ల జాబితాలో 'కీజె' అనే లేని అధికారి పుడతాడు. చక్రవర్తి సంతకం పడ్డాక తప్పు దిద్దే దమ్ము ఎవరికీ లేదు. ఆ లేనివాడికి కొరడా దెబ్బలు పడతాయి, సైబీరియా ప్రవాసం పడుతుంది, క్షమాభిక్ష దొరుకుతుంది, పెళ్లవుతుంది. జనరల్ అయి చనిపోతే రాజలాంఛనాలతో అంత్యక్రియలు జరుగుతాయి. అదే జాబితాలో ఇంకో తప్పు వల్ల సిన్యుఖాయెవ్ అనే బతికున్న అధికారి చచ్చినవాడుగా నమోదవుతాడు. యూనిఫారం పోతుంది, ఉద్యోగం పోతుంది. తాను ఉన్నానో లేనో తనకే అనుమానం పుట్టి దారులెంట తిరుగుతూ కనుమరుగవుతాడు. చిత్రగుప్తుడి చిట్టాలో తప్పు దొర్లినా యముడు తిప్పి పంపిన కథలు మనకున్నాయి. ఈ చిట్టాకు అప్పీలు లేదు. స్టాలిన్ యుగం గుమ్మంలో ఈ కథ రాయడానికి ఎంత గుండె కావాలో ఊహించుకోవచ్చు.

రెండు యుద్ధాల నడుమ వచ్చిన మిగతావాటిలో మూడు పేర్లు చెప్పుకోవాలి. ఫ్రెంచి రచయిత సెలీన్ 1932 నాటి 'రాత్రి అంచుకు ప్రయాణం'లో బర్దామ్యూ అనే కుర్రాడు వీధిలో పోతున్న కవాతు వెంట ఊపులో నడిచి వెళ్లి సైన్యంలో పడతాడు. పిరికితనాన్ని తెలివిగా నిలబెట్టిన ఆ గొంతు తర్వాతి తరాన్ని కదిలించింది. అదే సెలీన్ ఆ తర్వాత యూదులపై విషం కక్కే కరపత్రాలు రాశాడు. యుద్ధాన్ని అసహ్యించుకున్నంత మాత్రాన మనుషులను ప్రేమించినట్టు కాదని ఆయన జీవితమే చెబుతుంది. చెక్ రచయిత కరెల్ చాపెక్ 1936లో 'సాలమాండర్లతో యుద్ధం' రాసి, చవక కూలీలుగా పెంచి ఆయుధాలు అమ్మిన నీటిజీవుల చేతిలోనే మానవజాతి మునిగిపోవడం చూపించాడు. ఇంగ్లండులో ఎవెలిన్ వా 1938 నాటి 'స్కూప్'లో, చెట్లూ పిట్టల గురించి రాసుకునే విలేకరిని పేరు పొరపాటున యుద్ధానికి పంపించాడు. 1935లో అబిసీనియా మీద ఇటలీ దాడిని స్వయంగా విలేకరిగా చూసివచ్చిన అనుభవం ఆ నవల వెనుక ఉంది.

క్యాచ్-22

జోసెఫ్ హెల్లర్ 1923లో న్యూయార్క్‌లో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో కోర్సికా దీవి నుంచి బి-25 విమానాల్లో బాంబులు వదిలే పనిలో 60 దాడులకు వెళ్లాడు. 1961లో వెలువడిన అతని నవలకు మొదటి పేరు 'క్యాచ్-18'. ఆ ఏడాదే లియోన్ యూరిస్ నవల ఒకటి 18 అంకెతో రావడంతో పేరు మార్చారు. అలా మారిన పేరు ఇంగ్లిషు నిఘంటువుల్లోకి ఎక్కింది.

నియమం ఇది. పిచ్చివాణ్ని విమానం ఎక్కించకూడదు. అయితే తనను దించెయ్యమని వాడే అడగాలి. ప్రాణభయంతో అడిగాడంటే బుద్ధి స్థిమితంగా ఉన్నట్టే, కాబట్టి ఎక్కాలి. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు అన్న మన సామెతకు దీనికి పోలిక దగ్గరిదే. తేడా అల్లా సామెతలో ఇరుక్కున్నది పెళ్లికొడుకు. ఇక్కడ ఆ ముడిని ఎవరో కావాలని వేసి, చదివి వినిపించి, ప్రాణాలు అడుగుతున్నారు. కథానాయకుడు యొస్సేరియన్ కోటా పూర్తయ్యే సమయానికి కర్నల్ క్యాత్‌కార్ట్ దాడుల సంఖ్య పెంచేస్తాడు. 40 అంటే 45, 45 అంటే 50, చివరికి 80 దాకా. తన పేరు పై అధికారుల కంట పడాలన్నది తప్ప ఆ పెంపుకు వేరే కారణం లేదు.

కాగితపు చావుకు ఈ నవలలో రెండు కొసలూ ఉన్నాయి. యొస్సేరియన్ గుడారంలో మడ్ అనే కుర్రాడి సామాను పడి ఉంటుంది. పటాలానికి వచ్చిన రెండు గంటల్లోనే, పేరు నమోదు కాకముందే దాడికి పంపితే చనిపోయాడు. రాలేదు కాబట్టి పోలేదు; పోలేదు కాబట్టి సామాను తీసే అధికారం ఎవరికీ లేదు. రెండో కొసన డాక్టర్ డానీకా. విమానం ఎక్కాలంటే వణుకు. ఎక్కినట్టు పట్టీలో పేరు రాయించుకుని భత్యం మాత్రం తీసుకుంటుంటాడు. అలా పేరు రాయించుకున్న ఒక విమానం కొండకు గుద్దుకుంటుంది. పట్టీ ప్రకారం డాక్టరు చనిపోయాడు. తోటివారి ఎదుట నిలబడి నేనిక్కడే ఉన్నానని మొత్తుకుంటాడు. రేషను ఆగిపోతుంది, జీతం ఆగిపోతుంది. అమెరికాలో భార్యకు బీమా సొమ్ములు అందుతాయి. బతికే ఉన్నానని అతను రాసిన ఉత్తరం చేరాక, కర్నల్ పంపిన అచ్చు సానుభూతి పత్రం కూడా చేరుతుంది. ఆమె పిల్లలతో సహా ఊరు మారిపోతుంది, చిరునామా ఇవ్వకుండా.

భోజనశాల అధికారి మైలో మైండర్‌బైండర్ వ్యాపారం గురించి అందరూ చెబుతారు. జర్మన్లతో ఒప్పందం కుదుర్చుకుని తన శిబిరం మీద తానే బాంబులు వేయిస్తాడు. లెక్కలు విప్పి లాభం చూపించాక అతన్ని ఎవరూ ఏమీ అనరు. ఆ వ్యాపారం అసలు ఖరీదు నవల చివర్లో గాని తెలియదు. ఆవిన్యోన్ మీద దాడిలో స్నోడెన్ అనే పిల్లవాడు విమానంలో గాయపడి చలేస్తోందంటుంటాడు. యొస్సేరియన్ తొడ మీది గాయానికి శ్రద్ధగా కట్టు కడతాడు. నొప్పికి మార్ఫిన్ ఇద్దామని పెట్టె తెరిస్తే, మందు ఉండాల్సిన చోట మైలో కంపెనీ చీటీ ఉంటుంది. అసలు గాయం కవచం కింద ఉంది. ఈ ఘట్టాన్ని హెల్లర్ నవల పొడుగునా తునకలు తునకలుగా గుర్తుచేస్తూ వచ్చి, నవ్వి నవ్వి అలసిన పాఠకుడి ముందు ఒక్కసారిగా పూర్తిగా విప్పుతాడు. మందుకు బదులు కాగితం. నాలుగు వందల పేజీల హాస్యం ఆ పెట్టె దగ్గరికి మనల్ని నడిపించడానికే. ఈ కోవలో ఇంతకు మించిన ఘట్టం నేను చదవలేదు.

డ్రెస్డెన్ నేలమాళిగ

కర్ట్ వొనెగట్ 1944 డిసెంబరులో జర్మన్లకు ఖైదీగా చిక్కి డ్రెస్డెన్ చేరాడు. 1945 ఫిబ్రవరి 13-15 తేదీల్లో బ్రిటిష్, అమెరికన్ విమానాలు ఆ నగరాన్ని తగలబెట్టినప్పుడు, ఒక కబేళా కింద మాంసం దాచే గదిలో ఉండి బతికాడు. బయటికి వచ్చాక శవాలు వెలికితీసే పని అతనిదే. దాన్ని పుస్తకంగా రాయడానికి అతనికి దాదాపు పాతికేళ్లు పట్టింది. 'స్లాటర్‌హౌస్-ఫైవ్' 1969లో వచ్చింది. వియత్నాం యుద్ధం సాగుతున్న ఏళ్లవి.

వొనెగట్‌కు దారి చూపింది స్నేహితుడి భార్య మేరీ ఒహేర్ కోపం. యుద్ధానికి పోయినప్పుడు మీరంతా పసివాళ్లు, రేపు సినిమాలో పెద్ద హీరోలు నటించేలా మగవాళ్లుగా రాసుకుంటారని ఆమె మండిపడిందని అతనే మొదటి అధ్యాయంలో చెబుతాడు. పుస్తకాన్ని ఆమెకూ అంకితమిచ్చి, ఉపశీర్షికలో 'పిల్లల ధర్మయుద్ధం' అని చేర్చాడు. నాయకుడు బిల్లీ పిల్‌గ్రిమ్ కాలం పట్టు తప్పినవాడు. ఒకసారి యుద్ధఖైదీ, కన్ను మూసి తెరిచేలోగా మధ్యవయసు కళ్లద్దాల డాక్టరు, మరుక్షణం వేరే గ్రహంలో జంతుప్రదర్శనశాలలో ఖైదీ. ఈ గ్రహాంతరవాసుల గొడవ ఎందుకని చికాకు పడేవారున్నారు. మనసు చితికిన మనిషికి గతం గతంలా ఉండదన్న నిజాన్ని ఇంత సూటిగా పట్టిన ఉపాయం మరొకటి లేదు. ప్రతి చావు తర్వాతా, మనిషిదైనా పేనుదైనా, ఒకే మూడు పదాల మాట వంద సార్లకు పైగా వస్తుంది. మొదట నవ్వొస్తుంది, తర్వాత మొద్దుబారుతాం, ఆ మొద్దుబారడాన్ని గమనించుకుని ఉలిక్కిపడతాం. నగరం మొత్తం బూడిదయ్యాక, ఎడ్గార్ డర్బీ అనే మంచి బడిపంతులు శిథిలాల్లోంచి టీ కెటిల్ తీసుకున్నాడన్న నేరానికి విచారణ జరిపి కాల్చేస్తారు.

డ్రెస్డెన్‌లో 1,35,000 మంది చనిపోయారని నవల చెబుతుంది. అప్పట్లో ప్రచారంలో ఉన్న లెక్క అది. చరిత్రకారుల సంఘం 2010లో ఇచ్చిన నివేదిక ప్రకారం మృతులు 25,000 మంది దాకా. నవలను చదివేవారు ఈ తేడా తెలుసుకోవాలి. పెరిగిన అంకె దుఃఖాన్ని పెంచదు; పాతికవేలు అనడం ఆ ప్రాణాలను తగ్గించి చూపినట్టూ కాదు.

యూరప్‌లో, మన పొరుగున

జర్మన్ రచయిత గుంటర్ గ్రాస్ 1959 నాటి 'తగరపు డోలు'లో మూడో ఏట ఎదగడం మానేసిన ఆస్కార్, నాజీ సభ వేదిక కింద దూరి తన డోలు దరువుతో కవాతు బాణీని నాట్యపు బాణీగా మార్చేస్తాడు. సభికులు జంటలు కట్టి ఆడతారు. తాను యవ్వనంలో నాజీ ఎస్.ఎస్. దళంలో ఉన్నానని గ్రాస్ 2006లో గాని బయటపెట్టలేదు. ఆ తర్వాత ఆ నవలను చదివితే పెరగనన్న పిల్లవాడి మొండితనం వేరేలా తోస్తుంది. 

సోవియట్ రష్యాలో వ్లదీమీర్ వొయినోవిచ్ సృష్టించిన ఇవాన్ చోంకిన్‌ను ష్వెయిక్ తమ్ముడనవచ్చు. 1941లో పల్లెలో దిగబడిన పాత విమానానికి కాపలా పెట్టి, అతన్ని అధికారులు మరిచిపోతారు. యుద్ధం మొదలైనా ఎవరూ రారు. చోంకిన్ పక్క గుడిసె న్యూరాతో కాపురం పెట్టి, విమానాన్ని ఆమె పెరట్లోకి లాక్కుంటాడు. పట్టుకుపోవడానికి రహస్య పోలీసులు వస్తే, కాపలా నియమం ప్రకారం వాళ్లనే బంధించి బంగాళదుంపలు తవ్విస్తాడు. చివరికి 'చోంకిన్ ముఠా' మీదికి పటాలం దిగుతుంది. జర్మన్లు ముంచుకొస్తున్న రోజుల్లో సైన్యం తన సిపాయితోనే యుద్ధం చేస్తుంది. రచన విదేశాల్లోనే అచ్చయింది. వొయినోవిచ్‌ను 1974లో రచయితల సంఘం నుంచి వెలివేశారు. 1980లో దేశం విడిచాడు. చోంకిన్ స్వదేశంలో వెలుగు చూసింది 1988-89లోనే.

కాశ్మీరు కోసం జరిగిన తొలి యుద్ధం మీద సాదత్ హసన్ మంటో ఉర్దూలో రాసిన 'టిత్వాల్ కుక్క' కొద్ది పేజీల కథ. రెండు కొండల మీద రెండు సైన్యాలు. నడుమ ఒక వీధికుక్క. ఇటువాళ్లు ఇది హిందుస్థానీ కుక్క అని అట్టముక్క రాసి మెడలో కడతారు. అటు వెళితే వాళ్లు పాకిస్థానీ అని రాసి కట్టి తిప్పి పంపుతారు. రెండు వైపులనుంచి తూటాలు పడుతుంటే అది అటూ ఇటూ పరుగెడుతుంది. దాని ప్రాణం పోయాక ఒకరికి అది అమరవీరుడు, మరొకరికి కుక్కచావు చచ్చిన కుక్క. హాషెక్‌కు వందల పేజీలు పట్టిన పనిని మంటో అట్టముక్కతో చేశాడు.

అభ్యంతరాలు

ఈ సాహిత్యం మీద వచ్చిన విమర్శల్లో రెండు తోసిపుచ్చలేనివి. నవ్వు యుద్ధాన్ని భరించగలిగేదిగా మారుస్తుందన్నది మొదటిది. రిచర్డ్ హుకర్ 1968 నవల 'మ్యాష్' ఆధారంగా వచ్చిన టీవీ ధారావాహిక 1972 నుంచి 1983 దాకా నడిచింది. అది చూపించిన కొరియా యుద్ధం నడిచింది మూడేళ్లు. శస్త్రచికిత్స గుడారం జనానికి ప్రతివారం వెళ్లి కూర్చునే ఇల్లులా అయిపోయింది. రెండోది ఇంకా బలమైనది. ఈ రచయితల్లో దాదాపు అందరూ మగవారే. హెల్లర్ నవలలో నర్సులు, రోమ్ నగరపు వేశ్యలు చాలావరకు మగవాళ్ల ఆకలికి తెరలుగానే మిగిలారు. కొందరికి పేర్లు కూడా లేవు. పేరు చిట్టాకెక్కని మనిషి గురించి అంత వేదన పడిన నవలే ఈ పని చేయడం నన్ను బాధపెడుతుంది.

ఆఫ్రికా గొంతు

1982 ఫాక్‌లాండ్స్ యుద్ధంపై అర్జెంటీనా రచయిత ఫొగ్విల్ రాసిన చిన్న నవల మరుసటి ఏడాదే వచ్చింది. భూమిలో బొరియ తవ్వుకుని, ఇరుపక్షాలతోనూ బేరాలు చేసి బతికే, సైన్యం నుంచి తప్పించుకున్న సిపాయిల కథ అది. శతాబ్ది చివర్లో ఈ కోవకు కొత్త ఊపిరి మాత్రం ఆఫ్రికా పోసింది. నైజీరియా రచయిత కెన్ సారో-వివా 1985లో 'సోజాబాయ్' రాశాడు. నేపథ్యం 1967-70 నాటి బియాఫ్రా యుద్ధం. మేనే అనే కుర్రాడు యూనిఫారం మోజుతో, పెళ్లాం మెచ్చుకుంటుందని సైన్యంలో చేరతాడు. శత్రువు అంటే ఎవరో చివరిదాకా అతనికి అర్థం కాదు. ఒకే మనిషి రెండు పక్షాల్లోనూ ఎదురవుతుంటాడు. సారో-వివా దాన్ని 'కుళ్లిన ఇంగ్లిషు'లో రాసిన నవలగా తానే ప్రకటించుకున్నాడు. బడి ఇంగ్లిషు, వీధి ఇంగ్లిషు, పల్లె పలుకుబడి కలిసిన ఆ భాషలో పెద్ద మాటలన్నీ అర్థం ఊడి రాలిపోతాయి. మేనే తిరిగి ఊరు చేరేసరికి తల్లి, భార్య బాంబుకు పోయారు. ఊరివాళ్లు అతన్ని చూసి పరుగెడతారు. అతను ఎప్పుడో చనిపోయాడని, సరిగా పూడ్చనందున దయ్యమై రోగం తెచ్చి జనాన్ని చంపుతున్నాడని వాళ్ల నమ్మకం. సిన్యుఖాయెవ్‌నూ డాక్టర్ డానీకానూ కాగితం చంపింది. మేనేను సొంత ఊరే చంపింది. సారో-వివాను నైజీరియా సైనిక ప్రభుత్వం 1995 నవంబరు 10న ఉరితీసింది.

కురూమా నవల 'అల్లా బాధ్యుడు కాడు'లో చెప్పేవాడు బిరాహిమా, పదీ పన్నెండేళ్ల వాడు. మేనత్తను వెతుక్కుంటూ లైబీరియా వెళ్లి, బాలసైనికుడై, చేతికి కలాష్నికోవ్ తగిలించుకున్నాడు. తోటిపిల్లలు కూలినప్పుడు, తనకు మనసైతే ఆగి వాళ్ల పుట్టుపూర్వోత్తరాలు చెప్పి అంజలి ఘటిస్తాడు. మనసు లేకపోతే దాటిపోతాడు. అతని దగ్గర నాలుగు నిఘంటువులున్నాయి. ఫ్రెంచి తెల్లదొరలకు తెలియాలని ఆఫ్రికా మాటలకు, ఆఫ్రికావాళ్లకు తెలియాలని ఫ్రెంచి పెద్దమాటలకు అర్థాలు చెబుతూ కథ నడుపుతాడు. ఆ పుస్తకాలు యుద్ధంలో చనిపోయిన ఒక దుబాసీవి. అతని నుంచి ఈ పిల్లవాడికి సంక్రమించాయి. చివరి పేజీల్లో, ఇంటిదారి పట్టిన కారులో, డాక్టరైన బంధువు అతన్ని చూసినదంతా చెప్పమంటాడు. బిరాహిమా నిఘంటువులు తిరగేసి, సర్దుకు కూర్చుని, మనం మొదటి పేజీలో చదివిన వాక్యంతో మొదలుపెడతాడు.